గాజునావలోని కుళ్ళిన పలక

ఇనుము తుప్పు పట్టును, కలప కుళ్ళును. గాజు ఈ రెండింటికిని లొంగదు. ఈ చిన్న సత్యమును ఆధారముగా చేసికొని రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికాలో ఒక క్రొత్త పరిశ్రమ తలయెత్తినది. గాజును వెండ్రుకకంటె సన్నని పోగులుగా తీసి, వానిని బట్టవలె నేసి, రెజిన్ అను చిక్కని జిగురులో తడిపి, అచ్చులో పొరమీద పొరగా పరచి గట్టిపడనిచ్చినచో నావ తయారగును. పలకల నడుమ సందులు లేవు. ఆ సందులలో నార దోపి కీలు పూయవలసిన శ్రమ లేదు. 1942లో ఒహాయో రాష్ట్రములోని టొలెడో పట్టణమున రే గ్రీన్ అనునతడు ఈ పద్ధతిలో ఒక చిన్న తెరచాప నావను చేసెను. తరువాతి రెండు దశాబ్దములలో ఫైబర్‌గ్లాసు నావలు అమెరికా సరస్సులను, తీరములను నింపివేసినవి. వీనికి చావు లేదని అమ్మినవారు చెప్పిరి, కొన్నవారు నమ్మిరి.

చెప్పినది చాలవరకు నిజమే. అరువదేండ్ల వయస్సు గల నావలు నేటికిని అచ్చట కనిపించును. పైరంగు వెలసిపోయినను గాజుతొడుగు గట్టిగనే యుండును. అయినను అట్టి నావలలో అనేకములు ఇండ్ల వెనుక దొడ్లలో గడ్డి మొలిచి పడియున్నవి. దానికి కారణము, గాజు లోపల ఎవరి కంటికిని కనబడకుండ దాగియున్న, రెండంగుళముల మందమైనను లేని ఒక చెక్క పలక.

నావ ముందుభాగమును అణియమనియు, వెనుకభాగమును అమరమనియు మన నిఘంటువులు చెప్పును. చిన్న మోటారు నావలలో ఈ అమరము కొనదేరి యుండక, గోడవలె నిలువుగా కోసినట్లుండును. ఆ గోడను ఆంగ్లమున ట్రాన్సమ్ అందురు. మనము వెనుకపలక అని పిలుచుకొందము. మోటారును తగిలించునది దీనికే.

నావ వెలుపల తగిలించు మోటారును జనసామాన్యములో వ్యాపింపజేసినవాడు ఓలే ఎవిన్‌రూడ్. నార్వేలో పుట్టి, అమెరికాలోని మిల్వాకీ నగరమున స్థిరపడిన యంత్రశిల్పి. కాబోవు భార్య ఐస్‌క్రీము కోరగా, అతడు ఎండలో తెడ్డు వేసికొనుచు సరస్సు దాటి తెచ్చులోపల అది కరగిపోయెననియు, ఆ విసుగునుండియే మోటారు ఊహ పుట్టెననియు ఒక కథ ప్రచారములో ఉన్నది. కథ మాట ఎట్లున్నను, 1909లో అతడు అమ్మకమునకు పెట్టిన మోటారు శక్తి ఒకటిన్నర గుర్రములు. బరువు ఇంచుమించు 28 కిలోలు. నేడు 115 గుర్రముల శక్తి గల మోటారు 150 కిలోలకు పైబడి తూగును. ఈ బరువంతయు వెనుకపలక మీదనే వ్రేలాడును.

వ్రేలాడు బరువు ఒక యెత్తు, నడుచునప్పటి ఒత్తిడి మరియొక యెత్తు. నీటిని వెనుకకు నెట్టు మరచక్రము, మోటారు పలకను పట్టుకొన్న చోటికి ఇరువది అంగుళముల దిగువనో, ఇంకను లోతుననో ఉండును. గునపముతో రాయి పెకలించిన వానికి ఇందలి సూత్రము తెలియును. మరచక్రము ముందుకు త్రోయగా మోటారు పట్టు క్రిందివైపున పలకలోనికి నొక్కుకొనును. పైవైపున బోల్టులను వెనుకకు లాగును. నావను బండిమీద ఎక్కించి గతుకుల బాటలో తీసికొనిపోవునపుడు ప్రతి కుదుపునకును ఇదే పెనుగులాట. పలచని గాజుతొడుగు దీనికి నిలువదు. గాజునే ఒకటిన్నర అంగుళముల మందమున పరచిన నిలుచును గాని, ఖర్చు హెచ్చు, బరువు హెచ్చు. కావున నావలు చేయువారు వెలుపల ఒక గాజుపొర, లోపల ఒక గాజుపొర పెట్టి, నడుమ ముప్పాతిక అంగుళపు ప్లైవుడ్డు బల్లలు రెండింటిని జతచేసి ఇమిడ్చిరి. ప్లైవుడ్డు చౌక, బలమైనది, 1934లో వాషింగ్టన్ రాష్ట్రములోని అబర్డీన్ పట్టణమున జేమ్స్ నెవిన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు నీటికి విడిపోని జిగురును రూపొందించినప్పటినుండి తడికి పొరలూడు భయమును తగ్గినది. నీటికి లొంగనిది జిగురు మాత్రమే. పొరల నడుమనున్న కలప కలపయే. ఈ భేదమును ఆనాడు ఎక్కువమంది పట్టించుకొనలేదు.

ఇట్లు గాజుపెట్టెలో మూసిన కలప పదికాలములు ఉండవలెను గదా? మూత నిజముగా మూతయైనచో ఉండియే యుండును. కాని వెనుకపలకకు ఉన్నన్ని తూట్లు నావలో మరియే భాగమునకును లేవు. మోటారు బోల్టులకు నాలుగు, అడుగునీరు వెడలుటకు ఒకటి, త్రాడు కట్టు కొంకీలకు కొన్ని, లోతు కొలుచు పరికరమును బిగించు మరమేకులకు కొన్ని. పై అంచున గాజు పొదుగక, ఒక అల్యూమినియపు రేకు కప్పి మేకులు కొట్టి ఊరకొన్న నావలును పెక్కులు. ప్రతి తూటును కలప అడ్డకోతను బయలుపరచును. చెట్టు బ్రతికియున్నప్పుడు నీటిని పైకి పంపిన సన్నని గొట్టములు ఆ కోతలో నోళ్ళు తెరచుకొని యుండును గనుక నీరు వేగముగా లోనికి పోవును. రంగునీటిలో ఒక పుల్లను నిలువుగాను, ఒక పుల్లను అడుగుభాగమునకు మైనము పూసియు నిలిపి చూపినచో విద్యార్థులకు ఇది ఒక్క గంటలో బోధపడగలదు. లోనికి పోయిన నీరు వెలికి వచ్చుటకు మాత్రము దారి లేదు, నాలుగువైపుల గాజే.

ఇక్కడ రెండు ఓడలను జ్ఞప్తికి తెచ్చుకొనుట మంచిది. 1954లో ఈజిప్టులోని గీజా పెద్ద పిరమిడు ప్రక్కన, పెద్ద సున్నపురాతి బండలతో మూసిన గోతిలో, ఖూఫూ చక్రవర్తి దేవదారు నావ బయటపడినది. విడదీసి పేర్చియుంచిన 1,224 ముక్కలను కూర్చగా 43 మీటర్లకు మించిన ఓడ నిలిచినది. నాలుగువేల అయిదువందల యేండ్లు ఆ కలప చెడకుండుటకు కారణము పొడి. రెండవది స్వీడను రాజుల వాసా. 1628లో స్టాక్‌హోమ్ రేవునందే తొలి ప్రయాణమున మునిగి, 1961లో పైకి తీయబడినది. మూడువందల ముప్పదిమూడేండ్లు నీటిలో ఉండియు అది నిలిచినది. అడుగున గాలి తక్కువ, ఆ ఉప్పు చాలని నీటిలో కలపను తొలుచు పురుగు బ్రతుకదు. పూర్తిగా పొడియైనను, పూర్తిగా మునకయైనను కలపకు హాని స్వల్పము. తడియు, గాలియు, వెచ్చదనమును కలిసినచోటనే దానికి మృత్యువు. మోటారునావ వెనుకపలకలో ఈ మూడును కొరత లేకుండ చేకూరును.

మన విశాఖ, శ్రీకాకుళ తీరముల జాలరులకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. తెప్ప దుంగలను త్రాళ్ళతో కట్టి సముద్రములోనికి త్రోయువారు, ఒడ్డు చేరిన పిమ్మట కట్లు విప్పి దుంగలను ఇసుకపై విడివిడిగా ఆరబెట్టుట అలవాటు. కలపకు తడియుట తప్పదు గనుక ఆరుటకును అవకాశమీయవలెనను వివేకము ఆ పనిలో ఉన్నది. నేడు ఆ తెప్పల స్థానమును చాలవరకు ఫైబరు పడవలు ఆక్రమించినవి. ఫైబరు నడుమ కలప పొదిగిన చోట్ల అమెరికా సరస్సునకును మన తీరమునకును న్యాయము ఒక్కటే.

కలపను తినునది ఒక శిలీంధ్రము. దాని బీజములు గాలిలో అంతటను ఉండును. వానిని తప్పించుకొనుట అసాధ్యము. అదుపు చేయగలిగినది తేమను మాత్రమే. తేమ నూటికి 20 లోపున ఉన్న కలప కుళ్ళదని అనుభవసూత్రము. నూటికి 30 సమీపించినచో శిలీంధ్రమునకు విందు. ఈ లెక్కను పాఠశాలలో చేయవచ్చును. తడికలప ముక్కను తూచి, 103 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో బరువు తగ్గుట ఆగువరకు ఉంచి మరల తూచవలెను. 130 గ్రాముల ముక్క ఎండి 100 గ్రాములైనచో తేమ నూటికి 30. భాగించునది ఎండిన బరువుతో, తడిబరువుతో కాదు. అందుచేతనే బాగుగా నానిన కలపలో తేమ నూటికి నూరు మించుటయు కలదు. ఈ మాట విని మొదట నవ్వని విద్యార్థి ఉండడు.

గోధుమరంగు కుళ్ళు అను జాతి శిలీంధ్రము కలపలోని సెల్యులోజును తిని, లిగ్నిను అను గోధుమవన్నె పదార్థమును విడిచిపెట్టును. బరువులో నూటికి పదిపాళ్ళయినను తగ్గకముందే బలములో సగమునకు మించి పోవచ్చును. అనగా పలక చూపునకు పలకగనే యుండి, పనికి మాత్రము పలక కాకుండ పోవును. తుదకు ఎండి, ఘనములుగా పగిలి, వ్రేళ్ళ నడుమ పొడియగును. ఆ పొడిని చూచియే ఆంగ్లేయులు దీనికి ఎండుకుళ్ళు అని పేరు పెట్టిరి. ఇంతకంటె తప్పుపేరు వెదకినను దొరకదు. తడి లేనిదే అది పుట్టదు. ఈ జబ్బు క్రొత్తదియు కాదు. 1677లో ఇంగ్లండు పార్లమెంటు ముప్పది యుద్ధనౌకలకు ధనము మంజూరు చేసినది. 1684లో నౌకాశాఖ కార్యదర్శిగా తిరిగి వచ్చిన శామ్యూల్ పీప్స్ చూచునప్పటికి, వానిలో కొన్ని రేవులో కట్టియుండగనే కుళ్ళి, లోపల పిడికిలి ప్రమాణమున పుట్టగొడుగులు మొలచియున్నవి. లోనికి గాలి ఆడనీయకపోవుటయే ప్రధానదోషమని అతడు గ్రహించెను. పీప్స్ దినచర్యను సాహిత్యముగా చదువువారు అతని ఈ నౌకాగ్రంథమును, 1690లో అచ్చయినదానిని, అంతగా తలపరు.

ఇక కుళ్ళిన పలకను గుర్తించుట. మొదటి సాధనము సుత్తిపిడి. వెనుకపలకను అంగుళమంగుళమున తట్టుచు పోవలెను. మంచి కలప ఖంగుమని పలుకును. కుళ్ళినది మెత్తని దిండును కొట్టినట్లు మొద్దుగా పలుకును. కుండ కొనునపుడు మన స్త్రీలు చేయు పరీక్షయే ఇది. పిదప మోటారు అడుగుభాగమును చేతితో పట్టి మీదికిని క్రిందికిని ఊపి, వేరొకరిని పలక పై అంచును చూడుమనవలెను. మోటారుతోపాటు అంచు కదలినచో సందేహము లేదు. అప్పటికిని సందేహమున్నవారు లోపలివైపున సన్నని బర్మాతో నాలుగైదు తూట్లు వేయుదురు. పచ్చని పొడిపొట్టు రాలినచోట కలప మేలు. నల్లని తడిముద్ద వచ్చినచోట చెడినది. ఒక్కొక్కప్పుడు తూటునుండి నీరే కారును. పలక క్రింది మూలలను మరువరాదు. నీరు చేరునది అచ్చటికే. ఇంత తెలిసిన పిమ్మటను అట్టి నావను నీటిలోనికి దింపుట సాహసము కాదు, అవివేకము. నడిసరస్సులో వెనుకపలక చీలి మోటారు ఊడిపోయినచో, ఆ ఖాళీగుండ నీరు లోనికి వచ్చుటకు నిముషములు చాలును.

తూట్లు వేసి పలుచని రెజిను పోసినచో కుళ్ళిన కలప రాయివలె గట్టిపడునని చెప్పువారు కలరు. ఈ ఉపాయమును నేను మెచ్చను. తడిసిన కలపలోనికి రెజిను పీల్చుకొనబడదు. నీరు ఆక్రమించిన చోట దానికి తావేది? పోయినంతమేర గట్టిపడినను, తెగిన కలపనార తిరిగి అతుకదు. గట్టిదనము వేరు, లాగుటకు నిలుచు బలము వేరు. చెడినదానిని త్రవ్వి తీసి క్రొత్తది పెట్టుటయే చికిత్స.

పని ప్రారంభించుటకు ముందు నావను దాని ఆకారమునకు సరిపడు ఊతములమీద నిలుపవలెను. ఏలయన పలక తీసినతరువాత వెలుపలి గాజుపొర బట్టవలె వంగును; ఆ వంపులోనే క్రొత్తపలక అతికినచో నావకు జీవితాంతము ఆ వంకర తప్పదు. మోటారు దింపి, బిగింపులన్నియు ఊడదీసి, లోపలి గాజుపొరను అంచులవెంట మూడంగుళములు విడిచి కోయుదురు. వెలుపలివైపునుండి కోయుటయు కలదు గాని, అప్పుడు చూపునకు అందమైన పైపొర పాడగును. ఆపై ఉలి, సుత్తి పట్టవలసినదే. కుళ్ళినభాగము తడిసిన గడ్డివలె పారతో వచ్చును. చిత్రమేమనగా, చెడని రెండుమూడు జానల కలపయే గాజును విడువక రోజంతయు శ్రమపెట్టును. దానిని చూచి, ఇంత మంచిదానిని ఏల తీయవలెనని దయ కలుగును. ఆ దయ పనికిరాదు. అందులో శిలీంధ్రపు పోగులు ఎంతదూరము ప్రాకినవో కంటికి కనబడదు.

త్రవ్వకము ముగిసినపిదప గాజును గరుకుబిళ్ళతో తోమి, ఊడ్చి, కొన్నాళ్ళు ఎండనీయవలెను. ఆ ధూళియందు గాజుసూదులు ఉండును. ముసుగు, కన్నులకు అద్దములు, పొడుగుచేతుల చొక్కా లేక ఆ పనికి పూనుకొనరాదు. ఎపాక్సీ చేతికి తగులుచుండినచో కొందరికి చర్మరోగము కలిగి, ఒకసారి కలిగినది ఆ పదార్థము దగ్గరకు పోయినపుడెల్ల తిరుగబెట్టును. చేతితొడుగుల వెల ఎంత?

క్రొత్తపలకకు ముందు అట్టతో నమూనా కత్తిరించి చూచుకొందురు. సముద్రపు తరగతి ప్లైవుడ్డు ఎన్నుకొనుట మేలు. అది కుళ్ళదని కాదు, లోపలి పొరలలో ఖాళీలు ఉండవని. కలప అసలే వద్దని నురుగుతో చేసిన బల్లలు వాడువారును పెక్కురు. అవి మంచివే, ప్రియమైనవి. అయినను కలపను దోషిగా నిలుపుట నాకు న్యాయముగా తోచదు. తూట్లను మూయనివాని నేరమునకు అది శిక్ష అనుభవించినది. రెండు బల్లలను ఎపాక్సీతో జతచేసి, అంచులకు, ముఖ్యముగా అడ్డకోతలకు, అది పీల్చుకొన్నంతవరకు పలుమార్లు ఎపాక్సీ పూయవలెను. పాత నావలకు వాడినది పాలియెస్టరు రెజిను. అది చౌకయే గాని, కలపకును, ఏనాడో గట్టిపడిన గాజునకును ఎపాక్సీ అంత గట్టిగా అంటదు. ఎపాక్సీని ఒకేసారి పెద్దగిన్నెలో కలుపరాదు. రెండు భాగములు కలిసినప్పుడు పుట్టు వేడి తప్పించుకొనలేక గిన్నె పొగలు క్రక్కును. కొద్దికొద్దిగా కలిపి వెంటనే పలుచగా పరచుటయే మార్గము.

ఎపాక్సీకి సన్నని సిలికా పొడి చేర్చి లప్పమువలె చిక్కపరచి, పండ్లున్న తాపీతో గాజుగోడకు పూసి, పలకను దానికి ఆనించి, బోల్టులతోను అడ్డకఱ్ఱలతోను నొక్కుదురు. నాలుగంచులనుండి లప్పము పొంగి వెలికి రావలెను. రాని చోట లోపల గాలి మిగిలినదని అర్థము. గాలి ఉన్నచోటికి రేపు నీరు వచ్చును. పలక నావగోడను కలియు మూలలలో అదే లప్పమును గుండ్రముగా తీర్చవలెను. గాజుబట్టకు పదునైన మూలలో మడత పడుట ఇష్టముండదు. పైకి లేచి ఖాళీ విడుచును. తరువాత పాతపొర అంచును దాని మందమునకు పండ్రెండు రెట్ల పొడవున ఏటవాలుగా చెక్కి, అనగా నాలుగు మిల్లీమీటర్ల పొరకు నలుబదియెనిమిది మిల్లీమీటర్లు, క్రొత్త గాజుబట్టలను ఒకదానికంటె ఒకటి వెడల్పుగా పరచుదురు. అతుకు బలమంతయు ఆ వాలులో ఉన్నది. రంగు వేయుట సులభము. దానిని గూర్చి చెప్పుట అనవసరము.

ఇంత చేసినవారును ఒక్కొక్కప్పుడు చివరి గంటలో తొందరపడుదురు. మోటారు బోల్టులకు బర్మా పట్టి క్రొత్తపలకలో నేరుగా తూటు వేసి బిగించిరా, పాతకథ మరల మొదలు. అరయంగుళపు బోల్టునకు ముప్పాతిక అంగుళమునకు తక్కువ కాని తూటు వేసి, దానిని లప్పముతో నిండ నింపి, గట్టిపడినపిమ్మట దాని నడుమ అరయంగుళపు తూటు వేయవలెను. అప్పుడు బోల్టు ఎపాక్సీ గొట్టములోగుండ పోవును. కలపను తాకనే తాకదు. సీలెంటు ఎండి పగిలినను నీటికి దొరకునది ఎపాక్సీ గోడయే. చిన్న మరమేకులకును ఇదే నియమము. ఒక్కొక్క తూటునకు పావుగంట పట్టు పని. మొదటి యజమానులకు ఆ నావలను అమ్మిన కర్మాగారములు ఈ పావుగంటను మిగుల్చుకొనినవి.

ఇంత శ్రమ పడుటకంటె క్రొత్తనావ కొనరాదా యను ప్రశ్న సహజము. ధనమున్నవారు కొనుచునే ఉన్నారు. కాని పాతదానిని ఏమి చేయుదురు? పాత కొయ్యపడవ మట్టిలో మట్టియగును. ఇనుపపడవ కొలిమికి పోవును. గాజునావ కుళ్ళదు, కరగించుటకు వీలుకాదు. కోసి చెత్తగోతిలో పూడ్చుటయే అచ్చట సాధారణముగా జరుగుచున్నది. ఏ గుణమును పొగడి అమ్మిరో ఆ గుణమే నేడు భారమైనది. పాతిక, ముప్పది కిలోల కలప మార్చినచో మరల ఒక తరము నడువగల నావను గోతిలో వేయుట నాకు సమ్మతము కాదు.

బాగుచేసిన నావను నీటినుండి తెచ్చినపుడెల్ల అణియము ఎత్తుగా నుండునట్లు బండిపై నిలిపి, అడుగునీటి బిరడా తీసియుంచుదురు. ఉప్పునీటికంటె వాననీరే కలపకు ఎక్కువ శత్రువు. అది వచ్చిన దారినే వెనుకపలక అడుగునుండి వెడలిపోవలెను. ఏటేట ఒకసారి బోల్టులు విప్పి, సీలెంటు మార్చి, సుత్తిపిడితో పలకను మూలనుండి మూలకు తట్టి వినుట మిగిలిన పని.